సైబీరియా పూలకు ఏసీ నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పూలమొక్కలకు ఐసు వేసేవాళ్ళు. ఈ మాట చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. కువైట్‌లో, ఫింటాస్‌లో, సముద్రానికి కాస్త ఇవతల ఒక పాత విల్లాను భాగాలు చేసి మాలాంటి వాళ్ళకు అద్దెకిచ్చారు. కింది భాగం మాది. ఇంటికీ వెనక గోడకీ మధ్య సన్నటి ఖాళీ జాగా ఉండేది. అలాంటి జాగాలో మిగతావాళ్ళు బట్టలు ఆరేసుకునేవారు, విరిగిన సైకిళ్ళు పడేసేవారు. మా నాన్నగారు మాత్రం అందులో సైబీరియా పూలు పెంచారు.

వాటి అసలు పేరు సైబీరియన్ ఐరిస్. నాన్నగారితో పనిచేసిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఉద్యోగం వదిలి వెళ్ళిపోతూ, వాళ్ళ ఊరి తోటలోంచి తెప్పించుకున్న దుంపల్ని తడిగుడ్డల్లో చుట్టి రకానికొక మూటగా ఇచ్చి వెళ్ళాడు. అవి చలిదేశపు మొక్కలు. చలి గట్టిగా తగలకపోతే ఆకు వేస్తాయి గాని పూయవు. ఇక్కడ బతకవని చెప్పే ఇచ్చాడట. గోదావరి జిల్లాలో నర్సరీల మధ్య పుట్టి పెరిగిన మా నాన్నగారికి ఆ మాటతో పంతం వచ్చింది. పగలంతా ఆఫీసులో పైపులైన్ల బొమ్మలు గీసి, ఇంటికి రాగానే లుంగీ కట్టుకుని ఆ కుండీల ముందు కూర్చునేవారు. అమ్మ పెట్టిన టీ పక్కనే చల్లారిపోయేది. ఇన్ని రకాల్లో ఈ ఎడారిని తట్టుకుని పూసేది ఒక్కటైనా ఉంటుంది, అదేదో తేల్చాలి అన్నది ఆయన పట్టు.

ఆయన పద్ధతి ఆయనకుండేది. కుండీల మీద రకాల పేర్లు రాయలేదు, రంగుతో అంకెలు వేశారు. పేరు బాగుంటే పువ్వు కూడా బాగున్నట్టు కనిపిస్తుందట. ఏ అంకె ఏ రకమో ఆయన ఒక్కరికే తెలుసు. మార్కులు వేసే పని నాకూ ఇచ్చారు. ఆకు ఎండకు చివరన మాడిందా లేదా, కాడ ఆకుల్ని దాటి పైకి లేచిందా, పక్కన పిలకలు వచ్చాయా, కిందికి వాలే రేకులు గాలికి ముడుచుకుపోతున్నాయా అని చూడాలి. ఒక ఏడు ఒక కుండీలో ముదురు నీలం పువ్వు ఒకటి పూసింది. అది చూసి నేను గబగబా ఎక్కువ మార్కులు వేసేశాను. నాన్నగారు నవ్వి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మొక్కను ఒక పువ్వుతో అంచనా కట్టకూడదని చెప్పారు. ఈ జాతి వేరు కదిలిస్తే అలుగుతుందట, కొత్త మట్టిలో కుదురుకోవడానికే చాలా కాలం పడుతుందట. మంచిదనైనా పనికిరాదనైనా మూడు కాపులు చూసి గాని అనకూడదన్నారు. అంత ఓపికగా, అంత న్యాయంగా మాట్లాడే మనిషి ఇంకెవరూ లేరని అప్పుడు నేను అనుకునేదాన్ని.

ఇక ఐసు సంగతి. కువైట్ చలి ఆ మొక్కలకు చాలదు కాబట్టి, చలికాలం రోజూ సాయంత్రం కుండీల మట్టి మీద ఐసుముక్కలు పరిచేవారు. మా చిన్న ఫ్రిజ్‌లో అంత ఐసు ఎక్కడిది? అది పక్కింటి అక్క ఇచ్చేది.

గోడ అవతలి పెద్ద ఇల్లు మా ఇంటి ఓనరుది. ఆ ఇంట్లో వంటకీ పనికీ ఉండేది అక్క. కడప జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. ఇంటావిడను అందరిలాగే మామా అని పిలిచేది. ఆ ఇంట్లో బీరువా అంత ఫ్రీజర్ ఉండేది. సాయంత్రం మామా నిద్రలేచి టీవీ ముందు కూర్చోగానే అక్క బకెట్ నిండా ఐసు తెచ్చి గోడ మీదుగా అందించేది. మొదటిసారి ఆ ఐసు ఎందుకో తెలిసినప్పుడు గోడకు ఆనుకుని చాలాసేపు నవ్వింది.

"మా ఊర్లో మనుషులకే ఐసు దొరకదు సారూ. మీరు గడ్డికి పోస్తాండారు."

నిజంగానే పూయనప్పుడు అవి అచ్చం గడ్డిలా ఉండేవి. అయినా ఆమె ఒక్క సాయంత్రం మానలేదు. వేసవిలో ఇంకో పని. కుళాయి నీళ్ళలో ఉప్పు ఎక్కువ, అవి పోస్తే ఆకులు పసుపుపచ్చగా మారేవి. ఏసీల వెనక చుక్కచుక్కగా కారే నీళ్ళు మాత్రం వాననీళ్ళలా ఉండేవి. మా ఏసీ నీళ్ళు చాలక, అక్క పెద్దింటి ఏసీల కింద నూనె డబ్బాలు పెట్టి, నిండినవి నిండినట్టు గోడ మీద పెట్టేది. అమ్మ ఆమెకు పప్పూ ఆవకాయా కలిపిన అన్నం గిన్నెలో పెట్టి ఇచ్చేది. గోడ దగ్గరే నిలబడి తినేది. నాన్నగారు ఆమెను మా చెల్లెమ్మ అనేవారు. నేను ఆమె చంకన ఎక్కి పెద్దింటి మిద్దె మీద నుంచి సముద్రం చూసేదాన్ని.

ఇరాక్ సైన్యం వచ్చిన వేసవిలో ఓనరు కుటుంబం ఎప్పటిలాగే ఎండలకు వేరే దేశం వెళ్ళి ఉంది. ఇల్లు చూసుకోమని అక్కను వదిలి వెళ్ళారు. ఆమె పాస్‌పోర్టు వాళ్ళ ఇనప్పెట్టెలో, దాని తాళం వాళ్ళ దగ్గర. ఒక పొద్దున్న లేచేసరికి సముద్రపు రోడ్డు మీద ట్యాంకులున్నాయి. ఆ తర్వాత కొట్లు ఖాళీ అయ్యాయి, రొట్టెకు వరసలు మొదలయ్యాయి. సైనికులు ఖాళీ ఇళ్ళల్లో జొరబడి దొరికింది పట్టుకుపోతున్నారని చెప్పుకునేవారు. మనుషులున్న ఇల్లు ఏదో ఏసీ చప్పుడును బట్టి తెలిసిపోతుందని ఎవరో అంటే, అంత ఎండలోనూ వీధి మొత్తం ఏసీలు ఆపేసింది. అక్క పెద్దింట్లో అన్నీ ఆపేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, పొద్దుగూకేసరికి గోడ దూకి మా ఇంటికి వచ్చి వంటింట్లో పడుకునేది. తెల్లారేసరికి మళ్ళీ వెళ్ళిపోయేది. ఇల్లు వదిలేశానంటే మామా ఊరుకోదని ఆమె భయం. వాళ్ళు అసలు తిరిగి వస్తారో రారో ఎవరికీ తెలియదు, అయినా ఆమె భయం ఆమెది.

ఇండియా వాళ్ళంతా బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి అక్కడి నుంచి విమానాల్లో వెళుతున్నారు. అబూ హలీఫాలో ఉండే నాన్నగారి స్నేహితుడికి పెద్ద కారు ఉంది. నేను ఆయన్ని మావయ్య అనేదాన్ని. వాళ్ళు నలుగురూ మేము ముగ్గురమూ పోగా ఇంకొకరికి చోటుంది. అక్కను తీసుకెళతానని నాన్నగారు ఆమె ఎదురుగానే చెప్పారు. దారిలో ఎవరైనా అడిగితే మా చెల్లెలని చెబుతానన్నారు. అక్క ఆ రాత్రి నా తల దువ్వి జడ వేస్తూ, రాయచోటి బస్టాండులో దిగగానే ముందు ఏం తింటుందో నాకు చెప్పింది.

మావయ్య ఒప్పుకోలేదు. కాగితాల్లేని ఆడమనిషి కార్లో ఉంటే చెక్‌పోస్టు దగ్గర అందరినీ దింపేస్తారని, మగవాళ్ళను వేరే తీసుకుపోతున్నారని ఎక్కడో విన్నాడు. మన పిల్లల సంగతి ఆలోచించమన్నాడు. ఆ రోజు నాన్నగారు గట్టిగా వాదించారు. మర్నాడు కూడా వాదించారు, కాని గొంతు తగ్గింది. ఆ తర్వాత రోజు మావయ్య మాట్లాడుతూ ఉంటే ఆయన కుండీల దగ్గర కూర్చుని ఎండిన ఆకులు తుంచుతూ ఉన్నారు.

వెళ్ళే రోజు పొద్దున్న అమ్మ నాకు మంచి గౌను వేసింది. పేపర్ల పని మీద సిటీకి వెళ్ళి వస్తున్నామని నాన్నగారు నాతో చెప్పారు. ఆ తర్వాత నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళి, నా గౌను సరిచేసి, అక్కను పిలిచి చెప్పమన్నారు. ఏమేం చెప్పాలో వరసగా చెప్పి, ఒకసారి నా చేత అనిపించారు కూడా. సాయంత్రానికి వచ్చేస్తాం. ఈలోపు మొక్కలకు నీళ్ళు చూసుకో. కుళాయి నీళ్ళు పొయ్యకు, ఉప్పుకు చచ్చిపోతాయి.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "మీరే చెప్పండి. దాన్నెందుకండీ పంపుతారు?" అంది. నాన్నగారు ఆమె వైపు చూడలేదు.

నేను ఇటుకల మీద ఎక్కి గోడ మీదుగా పిలిచాను. అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేర్పినట్టే అంతా చెప్పాను. అక్క మా ఇంటి కిటికీ వైపు ఒకసారి చూసింది. నాన్నగారు బయటికి రాలేదు. అప్పుడు నన్ను అడిగింది.

"నిజంగా మాపుకి వస్తారా పాపా?"

"వస్తాం అక్కా. నీకు సిటీ నుంచి ఏం తేవాలి?"

ఆమె నా బుగ్గ గిల్లి, ఏమీ వద్దు, జాగ్రత్తగా పోయి రాపో అంది. నాకు తెలిసినంతవరకు అదంతా నిజమే. సాయంత్రం వచ్చి ఆమె వేలు పట్టుకుని మిద్దె ఎక్కుతాననే అనుకున్నాను.

కారు సిటీలో ఆగలేదు. జహ్రా దాటి ఉత్తరం వైపు పోయే రోడ్డు ఎక్కింది. రెండు పక్కలా ఇసుకే కనబడుతుంటే సాయంత్రానికి తిరిగి ఎలా వస్తామని అడిగాను. మళ్ళీ అడిగితే పడుకో అమ్మడూ అన్నారు నాన్నగారు, వెనక్కి తిరక్కుండానే. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎనిమిదేళ్ళ పిల్లకు అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

దారిలో సైనికులు చాలాచోట్ల ఆపారు. ఒకచోట మావయ్య దగ్గరున్న సిగరెట్లు తీసుకున్నారు. ఒకచోట టేప్ రికార్డర్ తీసుకున్నారు. మగవాళ్ళ పాస్‌పోర్టులు తిరగేశారు. ఆడవాళ్ళ కాగితాలు ఎక్కడా ఎవరూ అడగలేదు. లోపలికి తొంగిచూసి, పిల్లల్ని చూసి, వెళ్ళండని చెయ్యి ఊపేవారు. అక్కకని అనుకున్న చోటులో పరుపుచుట్ట పెట్టారు. చెక్‌పోస్టు దాటిన ప్రతిసారీ నాన్నగారు ఆ పరుపుచుట్ట వైపు చూసి కళ్ళు తిప్పుకోవడం నేను చూశాను. ఆయన ఎందుకు చూస్తున్నారో నాకు తెలుసు. నాకు తెలిసిందని ఆయనకూ తెలుసు.

జోర్డాన్‌లో ఎడారి గుడారాల్లో ఉన్నాం, తర్వాత విమానం ఎక్కాం, రాజమండ్రిలో మా పెదనాన్న ఇంటికి చేరాం. మా కష్టాలు అడిగి తెలుసుకోవడానికి చుట్టాలంతా వచ్చేవారు. నాన్నగారు ట్యాంకుల గురించి, ఇసుక తుఫాను గురించి చెప్పేవారు. అక్క ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు. నేను మధ్యలో ఎత్తబోతే నన్ను మంచినీళ్ళకు పంపేవారు.

యుద్ధం అయిపోయాక నాన్నగారికి కంపెనీ నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. మేము కూడా వెళ్ళాం. ఈసారి అబూ హలీఫాలో ఇల్లు తీసుకున్నారు. ఫింటాస్ పక్కనే ఉన్నా ఒక్కనాడూ ఆ వీధికి వెళ్ళలేదు. మొక్కలు పెంచడం మానేశారు. బాల్కనీలో తులసి అమ్మ ఒక్కతే చూసుకునేది.

అలా ఉండగా ఒక శుక్రవారం రుమైథియాలో తెలిసినవాళ్ళ ఇంటికి పేరంటానికి వెళుతూ అమ్మా నేనూ పండ్ల కోసం అక్కడి జమియాకు, అంటే కోఆపరేటివ్ సూపర్‌మార్కెట్‌కు వెళ్ళాం. నాన్నగారు బయట కారులోనే ఉన్నారు. కూరగాయల దగ్గర ఎవరో మామా వెనకాల ట్రాలీ తోసుకుంటూ వస్తున్న మనిషిని చూసి అమ్మ ఆగిపోయింది. అక్క. చిక్కిపోయింది. ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడుస్తోంది. అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. అక్క మాత్రం ఏడవలేదు. కొత్త మామా రొట్టెల వైపు వెళ్ళిన ఆ కాస్త సేపులో, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పుకుపోయింది.

ఆ సాయంత్రం మేము రాలేదు. ఏ చెక్‌పోస్టు దగ్గరో ఆపి ఉంటారని అనుకుందట. మర్నాడు గోదావరి జిల్లా అబ్బాయిలు కొందరు పాస్‌పోర్టులు లేని ఆడవాళ్ళను పోగుచేసి బస్సెక్కిస్తూ వీధిలోకి వచ్చారు. కాగితాలు లేకపోయినా పరవాలేదు, ఇండియా వాళ్ళమని రాయించి పంపుతున్నారని చెప్పారు. సారు వాళ్ళు వస్తారు, వాళ్ళతో పోతానని ఆమె వాళ్ళను పంపేసింది. డబ్బాల్లోని నీళ్ళు అయిపోయాయి. కుళాయి నీళ్ళు పొయ్యొద్దని చెప్పాం కదా. మొక్కలు వాలిపోతుంటే చూడలేక, పెద్దింట్లో గోడవైపున్న ఏసీ కాసేపు వేసింది. కాసేపే, ఒక డబ్బా నిండేవరకే అనుకుందట. ఆ చప్పుడుకు సైనికులు వచ్చారు. ముందు తలుపు విరగ్గొడుతుంటే ఆమె వెనకనుంచి గోడ దూకింది. కాలు మడతపడి విరిగింది. మా కుండీల వెనక, నీళ్ళ డ్రమ్ముకూ గోడకూ మధ్య ముడుచుకుని, వాళ్ళు ఇల్లంతా ఊడ్చుకుపోయేవరకూ ఊపిరి బిగబట్టుకుని ఉంది. విరిగిన కాలుతో ఆ తర్వాత ఎవరో మలయాళీ నర్సుల దయవల్ల చాలా ఆలస్యంగా బయటపడింది. కాలు సరిగా అతకలేదు. ఊరు చేరింది, అప్పులు తీర్చాలి కాబట్టి మళ్ళీ ఇటే వచ్చింది.

అమ్మ ఏదో చెప్పబోయింది. మావయ్య పేరు తెచ్చింది, కాగితాలంది, పిల్లలంది. అక్క వినలేదు. ట్రాలీ మీద చెయ్యి వేసుకుని నా వైపు తిరిగింది. నేను అప్పటికి ఆమె భుజం దాకా ఎదిగాను.

"మీ నాయన చెప్పుంటే నేను నమ్మేదాన్ని కాదు పాపా. మూడు దినాల ముందు నుంచే ఆయప్ప నా మొగం చూడలే. నువ్వు చెప్పినావు. చిన్నపిల్ల కదా, యాల అబద్ధం చెప్తాదిలే అనుకున్యా."

నాకు తెలియదక్కా అనైనా అనలేకపోయాను. ఆమె నా తల నిమిరింది. "నీదేముందిలే. నీకు తెల్దు అని నాకు తెలుసు. తెలిసే పంపినాడు నిన్ను." రొట్టెల దగ్గర నుంచి మామా యల్లా, పద పద అని పిలిచింది. అక్క ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది.

కారెక్కాక అమ్మ చెప్పింది, ఎవరు కనిపించారో, ఏం జరిగిందో. నాన్నగారు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అంతా విన్నారు. దిగి లోపలికి వెళతారని నేను ఎదురు చూశాను. ఆయన దిగకుండానే అడిగారు.

"మొక్కలేమన్నా బతికాయంటా?"

ఆ మనిషి అడగగలిగింది అదొక్కటే అని ఇప్పుడు నాకు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం అసహ్యం వేసింది. మూడు కాపులు చూడకుండా దేన్నీ తీసిపారేయకూడదని నాకు నేర్పింది ఆయనే. నేను ఆయనకు ఆ ఒక్క పొద్దుటి లెక్కన మార్కులు వేశాను. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆయన నన్ను ప్రేమగా చదివించారు, జ్వరం వస్తే మంచం పక్కన కూర్చున్నారు, పెళ్ళి చేశారు. మార్కులు మారలేదు. మార్చాలని కూర్చున్న ప్రతిసారీ గోడ అవతల చేతులు తుడుచుకుంటూ వచ్చే అక్క కనిపిస్తుంది.

ఇప్పుడు నాకూ ఒక కూతురు. దాన్ని పడుకోబెట్టి, తలుపు గడియ వేసి, వేశానో లేదోనని మళ్ళీ వెళ్ళి చూసుకునే రకం నేను. ఆ చెక్‌పోస్టుల దారిలో నేనే ఉండి, నా పిల్ల నా ఒళ్ళో ఉంటే నేనూ ఆ చోట పరుపుచుట్టే పెట్టేదాన్నేమో. ఆ అనుమానం నన్ను వదలదు. మా నాన్నగారి భయాన్ని నేను క్షమించగలను. ఆ భయాన్ని ఆయన మోయకుండా, నా గౌను సరిచేసి నా నోట్లో పెట్టి పంపడాన్ని క్షమించలేను. పెద్దవాళ్ళు సిగ్గుపడాల్సిన మాట పిల్లల నోట వస్తే నిజంలా వినిపిస్తుంది. దాన్ని మించిన దొంగతనం లేదనుకుంటాను.

మొన్న సాయంత్రం మా బెల్ మోగింది. పై అంతస్తులో కొత్తగా చేరిన ఆవిడ, పిల్లాడికి ఒళ్ళు కాలిపోతోంది, ఆసుపత్రికి కారులో దింపుతారా అని తలుపు అవతలి నుంచే అడుగుతోంది. మా వారు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి వాలారు. లేవకుండానే మా పాపతో నాన్న ఇంట్లో లేరని చెప్పు అన్నారు. అందరి ఇళ్ళల్లోనూ అనే మాటే. ఆయనకు అందులో తప్పేమీ కనిపించదు. పాప నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పడానికి వెళుతున్నట్టు హుషారుగా తలుపు దాకా వెళ్ళింది. నేను పరుగెత్తి దాని భుజం మీద చెయ్యి వేసి వెనక్కి లాగాను. నేనే తలుపు తీశాను. ఆయన ఉన్నారు, కాని రాలేనంటున్నారు, టాక్సీ పిలిచి నేను తోడు వస్తానని ఆవిడ ముఖం చూసి చెప్పాను. ఆ మాట అంటుంటే సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు నాదే. పాపను లోపలికి పంపేశాను.